గుడారపు త్రాళ్ళు

హేమంతము ప్రవేశించి తూర్పుకనుమల శిఖరములపై ధూసరమేఘమాలికలను నిలిపి పగటిని దినదినమును కుదించుచున్న మార్గశిరమాసమున, ఇంటింటి వంటపొగతో మంచు కలిసి వీధులు మసకబారిన యొక సాయంసమయమున, ఆ కొండపాదమునందలి చిన్నపట్టణములో న్యాయస్థానపు గుమాస్తాయైన దక్షిణామూర్తి తన మేడపై నొక క్రొత్త గుడారమును విప్పి పఱచుచుండెను. మఱునా డాతడును ఆతని యేకైకపుత్రిక వైజయంతియు బస్సు దిగి అడవిదారిని కొంతదూరము నడచి కొండలనడుమ నున్న సరస్సు యొడ్డున నొక్కరాత్రి గడపవలెను. ఆ యింటిలో నెవరును అట్టి పని పూర్వ మెఱుగరు గావున గుడారము నిలుపు విధమును ముందుగా మేడపై నభ్యసింప నిశ్చయించిరి.

ఈ యాత్ర తండ్రి కోరినది కాదు. భాద్రపదమున నొక మధ్యాహ్నము వైజయంతి తన ప్రాణమును తానే తీసికొన బూనెను. తల్లి హైమవతి వేళకు వచ్చి తలుపు పగులగొట్టించుటచేత బ్రతికెను. ఎందులకని యెంద ఱడిగినను ఆమె చెప్పలేదు. బహుశః ఆమెకును చెప్పుటకు మాటలు దొరకలేదు. నాటినుండి దక్షిణామూర్తి ఇంటిలోని గడియలన్నియు నూడదీసెను. కత్తిపీటను ప్రక్కింట నుంచగా హైమవతి కూరగాయలు తరుగుటకు అచ్చటికే పోవుచుండెను. మేడపై బట్టలారవేయు త్రాటిని సైత మాతడు విప్పివేయుటచే తడిబట్టలు పిట్టగోడపై నాఱుచు గాలికి వీధిలో పడుచుండెను. ఇట్టి కాపలాలో మూడుమాసములు నోరు మెదపక తిరిగిన పిల్ల యొకనాడు అన్నము కలుపుచు, సరస్సు యొడ్డున గుడారములో నొక్కరాత్రి పండుకొనవలె నున్నదని చెప్పెను. ఆమె యేదైన కోరుట ఆ దినమునుండి యదే మొదలు. కాదనుటకు తండ్రికి నోరు రాలేదు, ఔననుటకు గుండె చాలలేదు. నీళ్ళ యొడ్డునకా యని తల్లి యేడ్చెను. వైద్యుడు మాత్రము ఒంటరిగ విడువక వెంట నుండి తీసికొనిపొమ్మనెను.

సంచిలో పెట్టు ప్రతివస్తువును దక్షిణామూర్తి ఒకమాఱు ప్రయాణికుని కన్నుతోను మఱియొకమాఱు కావలివాని కన్నుతోను చూచెను. చాకుతో పని లేకుండుటకై అరటిపండ్లే కొనెను. గుడారముతోపాటు వచ్చిన త్రాళ్ళచుట్టను తెచ్చిననాడే బీరువాలో దాచి తాళపుచెవిని జందెమునకు కట్టుకొనెను.

గుడారపు కడ్డీలు వంగి గుడ్డ పైకి లేచెను గాని కొండగాలి వీచినంతనే యది పిట్టగోడ దాక జారి కూలబడెను. ఆతడు మూలలందు ఇటుకలు పెట్టెను. మరల కూలెను. వైజయంతి గుడారము వచ్చిన ఖాళీ సంచిని చేతితో తడవిచూచెను.

"నాన్నా, దీనికి తాళ్ళుండాలి. మీరు దాచారని తెలుసు."

ఆతడు మఱియొక యిటుకను మూలకు జరిపెను.

"కోపం లేదు. కాని మీరు నన్నట్లా చూస్తుంటే నేనింకా ఆ మధ్యాహ్నంలోనే ఉన్నట్టుంటుంది."

దక్షిణామూర్తి మెట్లు దిగి జందెమునకున్న తాళపుచెవితో బీరువా తెఱచెను. ఆతని చేతిలోని త్రాళ్ళచుట్టను చూచి హైమవతి దారికడ్డముగ నిలిచి, కొంత తడవునకు తానే తొలగెను. మేడపై వైజయంతి త్రాటి కొస నొకదానిని పట్టుకొనెను. రెండవకొసను తండ్రి చేయి విడువలేదు. ఆమెయు లాగలేదు.

"మీ కొస పిట్టగోడ మీది ఆ ఇనుపకమ్మికి కట్టండి," అని మెల్లగ చెప్పెను.

ఆతడు కట్టెను. ఆమెయు తన కొసను బిగించెను. తక్కిన త్రాళ్ళను గూడ నట్లే కట్టినపిమ్మట గాలి వీచినను గుడారము కదలలేదు. అప్పుడు వైజయంతి లోనికి వంగి ప్రవేశించి జిప్పును పైనుండి క్రిందివఱకు లాగి మూసికొనెను. మూడుమాసములలో ఆమె మూసికొనిన మొదటి తలుపది. లోపల నే చప్పుడును లేదు. తండ్రి చేయి తనంతటనే జిప్పువైపు సాగెను.

"నాన్నా," అని లోనుండి వినవచ్చెను. "కింద గచ్చు గుచ్చుకుంటోంది. రేపటికి బొంతొకటి పెట్టండి."

"పెడతానమ్మా," అని యాతడు చెప్పెను.

రేపటికి బొంత యడిగినది రేపటిని కొంతయైనను ఒప్పుకొన్నదే యని తన్ను తాను నమ్మించుకొన జూచెను గాని పూర్తిగ నమ్మలేకపోయెను. అయినను చాచిన చేతిని వెనుకకు దీసికొని మంచులో నా గుడారము వాకిట చతికిలబడెను. బిడ్డ మూసికొనిన తలుపును తెఱవక దాని వెలుపల కూర్చుండుటకు కన్నవారికి గుండెలో నున్న బలమంతయు కావలసియుండును. ఆ సాయంకాలము దక్షిణామూర్తి కది చాలీచాలక యుండెను.