తాడుకి అటూ ఇటూ

ఆ ఊళ్లో ఏ మాట తేలాలన్నా తాళ్లషెడ్డులోనే తేలాలి. ఊరంతా నిలబడటానికి సరిపడే పొడవైన చోటు అదొక్కటే. నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక తాడు పరుస్తారు. ఒప్పుకునేవాళ్లు కిటికీల వైపు, ఒప్పుకోనివాళ్లు తలుపు వైపు నిలబడతారు. పంతులు తలలు లెక్కపెడతాడు. లెక్క అయ్యేలోపు ఎవరైనా తాడు ఎత్తారా, ఆ మాట పోయినట్టే. మళ్లీ ఏడాది దాకా ఎవరూ దాని ఊసెత్తకూడదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు, ఎందుకు పెట్టారో అంతకన్నా తెలియదు. తెలియనిదాన్ని తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

ఈసారి తేలాల్సిన మాట ఆ షెడ్డులోనే కాపురం ఉంది. యుద్ధం తరిమితే వచ్చిన కుటుంబం. ముసలామె, కోడలు, కోడలి చంకలో పిల్ల. వానలో తడిసి వస్తే, షెడ్డులో తాళ్లు పేనే తాళ్లాయన నారబస్తాలు జరిపి మూల చోటిచ్చాడు. ఊరు ఒప్పుకుంటే వాళ్లు ఉంటారు. లేదంటే మర్నాడే లారీ ఎక్కి తిరిగి సరిహద్దు క్యాంపుకి పోవాలి. కోడలి పెద్దపిల్ల ఆ క్యాంపులోనే జ్వరంతో పోయిందని వాళ్లను దింపిన లారీ డ్రైవరు చెప్పాడు.

తాళ్లాయన వెన్నలాంటి మనిషేం కాదు. భార్య పోయాక ఆయన మాట పొదుపైంది, ఉన్న కాస్తా కారమైంది. ముసలామె భాష ఆయనకి రాదు. అది ఆయన భార్య భాషే. ఆమె కూడా చిన్నప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని అటునుంచే వచ్చింది. పెళ్లయ్యాక ఆ భాషని మాత్రం గుమ్మం దాటనివ్వలేదు. నేర్పమంటే, "నేర్చుకుని ఏం చేస్తావు? నన్ను తిట్టడానికి నీ భాష చాలదా?" అనేది.

ముసలామె ఊరికే కూర్చునే రకం కాదు. వచ్చిన మర్నాడే చీపురు పట్టింది. తాళ్లాయన ఆమెకి సైగలతో ఒక్కటే నేర్పాడు. పేనిన తాడు నేల మీద ఉంచకూడదు. తొక్కనివ్వకూడదు. మట్టి పడితే పురి పాడవుతుంది. పని ఆగగానే చుట్ట చుట్టి కొక్కేనికి తగిలించాలి. ఆమె చుట్టిన చుట్టకి ఆయన వంక పెట్టలేకపోయాడు. ఆయన దగ్గర అంతకు మించిన మెప్పు ఎవరికీ దొరకలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఊరు పోగైంది. బయట చినుకులు. ముసలామెనీ కోడల్నీ బస్తాల మీద కూర్చోబెట్టారు. వాళ్ల గురించే మాట్లాడుతున్నారని వాళ్లకి తెలుసు. ఏం మాట్లాడుతున్నారో తెలియదు.

పంతులు గొంతు సవరించుకున్నాడు. "మనమంతా ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్లమే. ఈ ఊళ్లో మొదటి ఇల్లు పడవచెక్కలతో కట్టారు. వచ్చినవాళ్లని కడుపులో పెట్టుకున్న ఊరిది."

"మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది," అన్నారు వెనకనుంచి ఎవరో. నవ్వులు లేచాయి.

అప్పుడు తాళ్లాయన బామ్మర్ది లేచాడు. ఆ చంకలో వచ్చిన తమ్ముడే. ఇప్పుడు తాపీమేస్త్రీ, పదిమందికి పని చూపించేవాడు.

"నేనూ వచ్చినవాణ్ణే, కాదనను. కానీ మేం కష్టపడి బతికాం. ఇవాళ వీళ్లు, రేపు వీళ్ల వెనకాల ఇంకెందరో. కూర్చోడానికి చోటిస్తే పడుకోడానికి చాప అడుగుతారు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అన్నారా?"

"మరి నువ్వు చెవివా కొమ్మువా నాయనా?" అంది కిరాణాకొట్టు అత్త.

షెడ్డు ఘొల్లుమంది.

"నేను ఈ ఊరివాణ్ణత్తా," అన్నాడు మేస్త్రీ, మొహం కందిపోయి.

"ఊరివాడివే. చంక దిగని నీకు పాలు పోసింది మా అమ్మ. అప్పుడు నువ్వేం కష్టపడ్డావో చెప్పు, వింటాం."

గోల సద్దుమణిగాక పంతులు తాళ్లాయన వైపు తిరిగాడు. "మీరూ ఒక మాట చెప్పండి. మీ ఇంటావిడ కూడా..."

"దాన్ని ఇందులోకి లాగకండి. ఈ ఊరు కడుపులో పెట్టుకోవడం నేను చూశాను. బతికున్నన్నాళ్లూ ఒడ్డుకి కొట్టుకొచ్చింది అన్నారు. పోయాక మంచిమనిషి అన్నారు. లెక్క కానివ్వండి."

అని కిటికీల వైపు నడిచాడు. సగం జాలి, సగం బామ్మర్ది తలుపు వైపు నడిచాడన్న పంతం. వెనకాలే కిరాణాకొట్టు అత్త తన కోడళ్లని తోలుకుంటూ వచ్చింది. "మీ మామ తలుపు వైపుంటే ఉండనివ్వండే, మీకు వేరే కాళ్లు లేవా?" ఆ మాటకి ఇంకొందరు ఆడవాళ్లు తాడు దాటారు. వాళ్ల వెనక కొందరు మగవాళ్లు, తలొంచుకుని. కాసేపటికి కిటికీల వైపు కాలు పెట్టే చోటు లేదు. ఎవరు గెలిచారో గుడ్డివాడికైనా తెలుస్తుంది. పంతులు తలుపు వైపు తలలు ముగించి, ఇటు తిరిగి లెక్క మొదలుపెట్టాడు.

ఆ ఒత్తిడిలో ఎవరిదో బురదబూటు తాడు మీద పడింది.

ముసలామె చూసింది. అరుపులు ఆగాయి, అందరూ లేచి నిలబడ్డారు, పని అయిపోయిందనుకుంది. తాడేమో ఇంకా నేల మీదే ఉంది. చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చింది.

"వద్దు! ముట్టుకోవద్దు!" అని షెడ్డంతా అరిచింది. ఆలస్యం చేసినందుకు కసురుతున్నారనుకుని ఆమె అడుగు ఇంకా పెంచింది. తాళ్లాయన జనాన్ని తోసుకుంటూ కదిలాడు. నలభై ఏళ్లు ఆ భాష పక్కన పడుకున్నాడు, 'ఆగు' అనడానికి ఒక్క మాట లేదు నోట్లో. తాడు కొస మేస్త్రీ కాళ్ల దగ్గరుంది. ఆమె అక్కడే వంగింది. మేస్త్రీ నోరు తెరిచాడు. మూశాడు.

తాడు లేచింది.

మోచేతికి వేసి చక్కగా చుట్ట చుట్టింది. చుట్టి, బాగుందా అన్నట్టు తాళ్లాయన వైపు చూసి నవ్వింది.

"మాట పోయింది," అన్నాడు మేస్త్రీ.

"ఆమెకేం తెలుసురా పాపం? అదీ ఒక లెక్కేనా?" అంది అత్త.

పంతులు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కట్టుబాటు కదమ్మా. నాకు మాత్రం బాధగా లేదా?"

కిటికీల వైపు నిలబడ్డ కొన్ని మొహాల్లో కూడా 'హమ్మయ్య' కనిపించింది. మంచితనమూ చూపించారు, చోటూ ఇవ్వక్కర్లేదు.

పొద్దున్నే లారీ వచ్చింది. దాన్ని చూడగానే కోడలు పిల్లని గుండెకి అదుముకుని గోడకి అతుక్కుపోయింది. ముసలామె తాళ్లాయన చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. ఒకే మాట, మళ్లీ మళ్లీ. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఏమడిగిందో తెలియకుండానే ఊపాడు. మూటలు ఎక్కించి, పిల్లని అందించి, లారీ మలుపు తిరిగేదాకా వానలోనే నిలబడ్డాడు.

ఆయన వెనక్కి వచ్చేసరికి ఇంటి ముందు బామ్మర్ది ఉన్నాడు.

"నా మీద కోపం దేనికి బావా? తాడు నేనెత్తానా?"

"ఆపగలిగింది నువ్వొక్కడివే."

"ఆ భాష నాకెక్కడ గుర్తుంది? ఎప్పుడో పిల్లప్పటిది."

తాళ్లాయన తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. "మీ అక్క ఆఖర్లో మన భాష మరిచిపోయింది. మంచం పక్కన కూర్చుని మీ భాషలో దాంతో గడగడా మాట్లాడింది ఎవర్రా? నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఏమంటోంది అని అడిగితే, నీళ్లడిగింది అన్నావు. అన్ని రోజులూ నీళ్లే అడిగిందా?"

మేస్త్రీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాను. తెప్ప మీద మనుషులుండగా తగలేసినవాణ్ణి నిన్నే చూశాను."

"బావా, నేను..." మేస్త్రీ తలుపు రెక్క పట్టుకున్నాడు. "అక్క ఏమందో చెప్తాను. నీ గురించే అంది. కూర్చో, చెప్తాను."

భార్య పోయిన నాటినుంచి తాళ్లాయన ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. ఆ మాట చెప్పగలిగిన నోరు లోకంలో ఇదొక్కటే.

"వద్దు," అన్నాడు. "నీ నోట వినను."

లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. బయట బామ్మర్ది తలుపు కొడుతూనే ఉన్నాడు. కాసేపటికి మానేసి, తలుపుకి నోరు ఆనించి, అక్క భాషలో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. తాళ్లాయన రెండు చెవులూ మూసుకున్నాడు.