తాడు పట్టేవాడు

ఈరన్న తాడును మూరమూరకూ నొక్కి చూస్తున్నాడు. అడవితీగల నారతో పేనిన తాడు. ఎక్కడైనా నార తెగిందేమోనని కొస దాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చాడు. ఇది మూడోసారి. లోయ అంచున అతని బావ హన్మంతు పొగపెట్టడానికి పచ్చిగడ్డి కట్ట కడుతున్నాడు. కింద కొండచరియకు చేటలంత తేనెపట్లు అయిదు వేలాడుతున్నాయి.

ఇద్దరిదీ మన్ననూరుకు పైనున్న చెంచుపెంట, కొద్ది గుడిసెల గూడెం. పట్టు కోసేది హన్మంతు. అతని పేరు చుట్టుపక్కల పెంటలన్నిటికీ తెలుసు. ఈరన్న పదిహేడేళ్ళుగా పైన కూర్చుని తాడు పట్టేవాడు, అంతే. పొట్టి మనిషి, వెడల్పాటి వీపు, మాట తక్కువ. పెళ్ళి చేసుకోలేదు. అరచేతులు కాయలు కాసి చెట్టు బెరడులా ఉంటాయి.

తేనెకు దిగేవాడి తాడు సొంత అన్నదమ్ములకివ్వరు. భార్య తోడబుట్టినవాడికే ఇస్తారు. అక్క ముండమొయ్యకూడదని వాడు చచ్చినా తాడు వదలడు.

ఆ అక్క జోగమ్మ మాఘంలో మూడు రోజుల చలిజ్వరంతో పోయింది. ఆ మూడు రోజులూ హన్మంతు పెంటలో లేడు. జిగురు బస్తాలు బండ్లకెత్తమని అడవి సరుకు గుత్తకు తీసుకున్న ఇజారాదారు గుమాస్తా అతన్ని మన్ననూరులోనే ఆపేశాడు. యుద్ధకాలం. ఈ కొండల జిగురు, తేనె, మైనం దిగకపోతే పట్నంలో సగం దుకాణాలు మూతపడతాయని గుమాస్తా అనేవాడు. బండ్లు ఒక్క పూట ఆగినా ఊరుకునేవాడు కాదు. "మీ బావ వచ్చిండా?" అని అడుగుతూ అడుగుతూనే జోగమ్మ తమ్ముడి ఒళ్ళో కన్నుమూసింది.

అప్పటినుంచి ఈరన్నకు ఒకచోట కాలు నిలవదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు. నాలుగు నెలలుగా బావతో మాటల్లేవు. ఇవాళ పొద్దున్నే హన్మంతు గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"గుమాస్తా మైనం తెమ్మన్నడు. వస్తవా?"

ఈరన్న గుడిసె బయటికొచ్చాడు. తాడు భుజాన వేసుకుని ముందు నడిచాడు.

హన్మంతు తాడును నడుముకు బిగించుకుని లోయలోకి దిగాడు. ఈరన్న రెండు మడమలూ బండకు తన్నిపెట్టి, తాడు వీపు చుట్టూ తిప్పి పట్టాడు. కిందినుంచి పొగ లేచింది. తేనెటీగల రొద లోయంతా నిండింది.

"జర ఇడువు, బామ్మర్దీ!"

పదిహేడేళ్ళుగా వింటున్న మాటే. మూరెడు వదలమని దాని అర్థం. ఇవాళ ఆ మాట చెవిలో ఇరుక్కుపోయింది. ఈరన్న కదల్లేదు. తాడు తెగిందని తను చెబితే పెంటలో కాదనేవాళ్ళెవరు? ఒక ఈగ వచ్చి కనురెప్ప మీద కుట్టింది. అతను కన్ను మూయలేదు.

కింద హన్మంతు మళ్ళీ అరవలేదు. పొగలో వేలాడుతూ ఊరికే ఉండిపోయాడు.

ఈరన్న మూరెడు వదిలాడు. కాసేపటికి ఇంకో మూరెడు.

మధ్యాహ్నానికి హన్మంతు పైకి చేరాడు. ముఖం వాచింది. తేనె బుట్ట దింపి బండ మీద కూలబడ్డాడు.

"ఇడుస్తవనే అనుకున్న," అన్నాడు హన్మంతు.

"మరెందుకు పిలిచినవ్?"

"ఇంకెవర్ని పిలుస్త, ఈరన్నా? అది సచ్చినా నువ్వే నా బామ్మర్దివి గద."

ఈరన్న అతని నడుం ముడి విప్పాడు. తాడు చుట్టచుట్టి బావ పక్కన పెట్టాడు.

"ఇగ నాతోని గాదు బావా. ఈ దినం నా సేతులు నాకే భయమైనయి. ఏరు దాటి పోత, ఆడ ఎదురుబొంగు కొట్టే పని ఉన్నదంట."

"ఎప్పుడొస్తవ్?"

"తెల్వదు."

హన్మంతు తేనెపట్టు విరిచి వాటా తీసిపెట్టేసరికి ఈరన్న చెట్ల మధ్య దిగుతున్నాడు. వెనక్కి చూడలేదు. హన్మంతు పేరు పెట్టి పిలిచాడు, ఒక్కసారే. తర్వాత బుట్ట ఎత్తుకుని పెంట దారి పట్టాడు.

బండ మీద మోదుగాకు దొప్పలో ఈరన్న వాటా ఉండిపోయింది. మూడు ఈగలు దాని అంచున వాలుతూ, లేస్తూ, మళ్ళీ వాలుతున్నాయి.