పొగమంచులో వరుస

గొర్రెలను కొండ మీద నుంచి దించే రోజున మా ఫారో దీవుల్లో ఊరంతా సముద్రపు ఒడ్డు మొదలు కొండ కొమ్ము దాకా ఒకే వరుసగా నిలబడి నడుస్తుంది. ఎక్కడ సందు దొరికినా గొర్రెలు అందులోంచి వెనక్కి పారిపోతాయి. పొగమంచు కమ్మితే ప్రతి ఒక్కరూ ‘హో’ అని కేక వేస్తూ నడవాలి. పక్కమనిషి కేక వినిపిస్తేనే వరుస ఉన్నట్టు.

అన్నిటికన్నా పైచోటు మా పెదనాన్నది. ఆయన పోయాక కొడుకు హెర్గైర్‌ది. అన్నకు నలభై నిండలేదు. సిగరెట్ ముట్టి ఎరగడు. అయినా కొంతకాలంగా ఎగువ దారిలో ఆగి బూటు లేసు కట్టుకునేవాడు. ఆ లేసు ఊడి ఉండేది కాదు. అతని కిందిచోటు నాది కనుక చూశాను. ఎవరికీ చెప్పలేదు.

మొన్న వేసవిలో ఆసుపత్రిలో అతనిచేత గొట్టంలోకి ఊదించారు. చిన్నప్పుడు ఛాతీ జబ్బేమైనా చేసిందా అని డాక్టరమ్మ అడిగింది. ఏడాది నిండకముందే నిమోనియా వచ్చింది. ఊపిరితిత్తులు అప్పుడే దెబ్బతిని, ఎదగాల్సినంత ఎదగలేదేమోనని, ఆ లోటు వయసు మీద పడేకొద్దీ బయటపడుతుందని ఆమె అన్నది. అన్న ఈ సంగతి నాకొక్కదానికే చెప్పాడు.

“శిమున్ బాబాయ్‌కి చెప్పన్నా. చోట్లు పంచేది ఆయనేగా, కింద చోటిస్తాడు.”

“కిందా? ఇంకా నా మంచం మీద దుప్పటి కప్పి జోలపాడమను! నోరు విప్పావో, చూడు.”

ఈసారి సగం కొండ ఎక్కేసరికి మంచు దిగింది. పైనుంచి అన్న కేక వచ్చింది. మళ్లీ వచ్చింది. తరువాత రాలేదు.

నేను వరుసను ఆపితే అన్న సంగతి అందరికీ తెలిసిపోతుంది. ఇంకొక్క కేక కోసం చూశాను. గాలి తప్ప ఏమీ లేదు.

“ఆగండీ!” అని అరిచాను. ఆ మాట నోటినుంచి నోటికి ఒడ్డు దాకా దిగింది.

నేను పైకి వెళ్లేసరికి అన్న మోకాళ్ల మీద చేతులు ఆన్చి వంగి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. అతని వెనకాలే గొర్రెలు గుంపుగా కొండెక్కిపోతున్నాయి.

“కేకేస్తే... నడవలేను,” అన్నాడు. “నడిస్తే... కేక రాదు.”

రాతిదొడ్డి సగం కూడా నిండలేదు. మా గొర్రెల పెద్ద శిమున్ బాబాయ్ తలుపు మూస్తూ, “ఏరా, పైన కునుకు తీశావా?” అన్నాడు.

అన్న అప్పుడు డాక్టరమ్మ అన్నదంతా అందరి ముందూ చెప్పాడు.

“ఓరి నీ! సిగరెట్లు ఎక్కడ దాస్తున్నావా అని రెండేళ్లుగా నీ కోటు వాసన చూస్తున్నాన్రా నేను!” అన్నాడు బాబాయ్. అందరూ నవ్వారు.

కాఫీ పోస్తున్న పెద్దమ్మ నవ్వలేదు. “ఆ నిమోనియా అప్పుడే తగ్గిపోయిందన్నారుగా! ఆసుపత్రి నుంచి నిన్ను నవ్వుకుంటూ ఇంటికి తెచ్చుకున్నాను.”

“తగ్గిందమ్మా. తగ్గబట్టే ఇన్నేళ్లు ఎక్కాను,” అంటూ అన్న ఆమె చేతిలోని కాఫీకూజా తీసుకున్నాడు.

“మళ్లీ వారం ఎక్కాల్సిందే,” అన్నాడు బాబాయ్. “పైన ఎవరు?”

అన్న నావైపు చూశాడు.

“ఇదా? అన్నం పెట్టమని కూడా గట్టిగా అడగదురా ఇది!”

“ఇవాళ ఊరంతటినీ ఆపింది కదా.”

“సరే. మరి నువ్వు?”

అన్న కాఫీకూజా కింద పెట్టాడు.

“నడుస్తూ కేకేయగలిగే చోట పెట్టు బాబాయ్,” అన్నాడు.