పెద్దల క్యారేజీలు

"ఇరవై ఐదు కేజీల కోడి ఎక్కడికెళ్ళిపోయిందే?"

మా ఆయన ధనరాజ్ ఈ మాట అడిగేసరికి నేను చర్చి వెనక పెరట్లో నడుం వంచి డేగిసా తోముతున్నాను. అడుగున మాడిన మసాలా కొబ్బరి పీచుకి లొంగడం లేదు. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, పళ్ళ సందున ఇరుక్కున్న మాంసం పీచుని అగ్గిపుల్లతో తీసుకుంటూ అడుగుతున్నాడు. కోడి ఎక్కడికెళ్ళిందో ఆ అగ్గిపుల్లని అడిగినా చెబుతుంది. జవాబు ఆయన దగ్గర ముందే ఉంది, నన్ను అడగడం ఊరికే. "ఆ లైను గదులోళ్ళు వచ్చిన కాడ్నించీ ఏదీ చాలట్లేదు. కూర చాలదు, నీళ్ళు చాలవు. రేపు చర్చిలో మనం కూచోడానికి చోటు కూడా ఉండదు, చూడు" అన్నాడు.

ఆ రోజు నెలలో మొదటి ఆదివారం, ప్రేమవిందు. ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి భోంచేస్తాం. కలిసి అనడం మాటవరసకే. మొదటి బంతి మగవాళ్ళు. రెండో బంతి ముసలివాళ్ళు, పిల్లలు. మూడో బంతి ఆడవాళ్ళు, ఆ వరస చివర ఒరిస్సా వాళ్ళు. మూడో బంతికి కూర అయిపోయింది. మాకిది కొత్తేం కాదు. లైను గదులు కట్టకముందూ మూడో బంతికే అయిపోయేది. తెల్లారగట్ల నాలుగింటికి లేచి కోడి కడిగి, ఉల్లిపాయలు కోసి, పొగలో కళ్ళు మండించుకుని వండినవాళ్ళం, అన్నంలో చారు పోసుకుని తిని లేచేవాళ్ళం. అన్నేళ్ళూ ఒక్క మగాడికి కూడా కోడి ఎక్కడికెళ్ళిందన్న అనుమానం రాలేదు. ఇప్పుడొచ్చింది. ఎందుకంటే నింద వెయ్యడానికి మనుషులు దొరికారు.

లైను గదులంటే చర్చి గోడ పక్కన ఉన్న రేకుల గదులు. కంపెనీల్లోనూ బిల్డింగు పనుల్లోనూ చేసే ఒరిస్సా వాళ్ళు వాటిల్లో ఉంటారు. వాళ్ళలో పది పన్నెండు కుటుంబాలు మాలాగే ప్రభువుని నమ్ముకున్నవాళ్ళు. వెనక చాపల మీద కూర్చుని, మాటలు రాకపోయినా రాగం పట్టుకుని మాతో పాటే పాడతారు. ఆ గదులు కట్టించింది, నెల తిరక్కుండా అద్దె పుచ్చుకునేది మా సంఘపెద్ద ఏసురాజు గారు. ఒక్క గదికీ కుళాయి పెట్టించలేదు. చర్చి బోరు ఉందిగా అన్నాడప్పుడు. ఇప్పుడు బోరు ఎండిపోతోందని అందరికంటే గట్టిగా ఏడ్చేదీ ఆయనే.

మా ఆయన కూడా సంఘపెద్దే. ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు. జనాభా, వనరులు అన్న పాఠం ఎన్నేళ్ళుగా చెబుతున్నాడో గానీ, ఆ రెండు మాటలూ లేకుండా ఇంట్లో ఉప్పు కూడా అడగలేడు. అన్నం తింటూ టీవీలో చర్చ పెట్టుకుంటాడు. ఏ దేశమో వచ్చేవాళ్ళకి తలుపులు మూసేసిందంటే "అదీ, గుండె అంటే అలాగుండాల" అంటాడు. ఇంకో దేశం మూస్తుందా, మన దేశం మూస్తుందా, మన రాష్ట్రం ఎందుకు ముయ్యకూడదు అని నలుగురు మగాళ్ళు తెర మీద అరుచుకుంటారు. ఆసుపత్రులు చాలవు, రేషను చాలదు, ఉద్యోగాలు చాలవు. "దేశమేటి, ధర్మసత్రమా?" అని ఈయన నావైపు చూసి అడుగుతాడు, సరిహద్దు గేటు నేనే తీసిపెట్టినట్టు. అడుగుతూనే కంచం ముందుకు తోస్తాడు, ఇంకాస్త వెయ్యమని. నాకు ఒళ్ళు మండిపోతుంది. వనరు కుక్కర్లోంచి దానంతటదే వస్తుందనుకునే మనిషి వనరుల గురించి పాఠం చెబుతాడు. మనిషికి ఇన్ని నీళ్ళు అన్న లెక్క నాకు టీవీ చెప్పక్కర్లేదు. పదిహేడేళ్ళ క్రితం నక్కపల్లి నుంచి కొత్తకోడలిగా వచ్చిన వారానికే, రెండో బకెట్ తోడుకుంటుంటే మా అత్త గుమ్మంలో నిలబడి "మీ ఊళ్ళో ఏరు పారతాదేటమ్మా ఇంటెనకాల?" అంది. ఆ రోజు తలకి సబ్బు రాసుకుని ఉన్నాను. సగం నురగతోనే తల తుడుచుకున్నాను. ఆ దురద ఇప్పటికీ గుర్తుంది.

ఇక క్యారేజీల సంగతి చెప్పాలి. అది దాస్తే నేనూ దొంగనే. ఎప్పుడో ఒక సంఘపెద్ద మంచాన పడితే, పాపం విందుకి రాలేడని పాస్టరు అయ్యగారు ఆయనకో క్యారేజీ పంపించమన్నారట. మంచి పనే. ఆ పెద్దాయన పోయాడు, క్యారేజీ మాత్రం పోలేదు. మర్నెల ఆయన స్థానంలో వచ్చిన పెద్దకి వెళ్ళింది. ఆ పైనెల ఆయన పక్కింటి పెద్దకి. ఇప్పుడు పదకొండు మంది పెద్దలు, పదకొండు క్యారేజీలు. మంచాన పడ్డవాడు ఒక్కడూ లేడు. ఆదివారం పొద్దున్న ఎనిమిదికల్లా వంటగది కిటికీ గట్టు మీద వరసగా వచ్చి కూర్చుంటాయి, నాలుగు గిన్నెలవి, మూత మీద నెయిల్ పాలిష్‌తో పేర్లు. మొదటి బంతి వెయ్యకముందే వాటిని నింపాలి. రెండు గిన్నెల నిండా కూర, అదీ తొడ ముక్కలు ఏరి. తొమ్మిదేళ్ళుగా ఆ నింపే చెయ్యి నాదే. "సాంతి సెయ్యి సమానంగా పడతాది" అని లక్ష్మీకుమారి అక్క గరిటె నాకే ఇస్తుంది. అక్క మా వంటవాళ్ళందరికీ పెద్ద. నేనేదో గౌరవం దక్కినట్టు మురిసిపోయి, మా ఇంటి క్యారేజీ కూడా నింపి, నేను చారన్నం తిని, దాన్ని మోసుకుంటూ మా ఆయనా అత్తా వెనకే ఇంటికొచ్చేదాన్ని. సాయంత్రం తల్లీ కొడుకూ ఆ కూర తినేవారు. ఎంత మొద్దుని నేను!

బుధవారం సాయంత్రం పెద్దలందరూ మా ఇంట్లోనే కూర్చున్నారు. పదకొండు మందికి ఉప్మా, టీ. కుట్టుమిషను మీద రెండు జాకెట్లు సగంలో ఉన్నాయి, మర్నాడు పొద్దున్నకి ఇవ్వాలి. వంటింట్లోకి అన్నీ వినబడుతూనే ఉన్నాయి. మా ఆయన ముందుగా ప్రభువు ఐదు రొట్టెల్ని ఐదు వేల మందికి పంచిన కథ చెప్పి ప్రార్థన చేశాడు. ఆ కథలోనూ మగాళ్ళనే లెక్కపెట్టారు, ఆ పూట నాకది మరీ గట్టిగా తగిలింది. తర్వాత చర్చ. ప్రేమ వేరు, వనరులు వేరట. ముందు మనవాళ్ళు, ఆనక మిగతా జనం అట. అయ్యగారు నెమ్మదిగా "పాపం, వాళ్ళూ విశ్వాసులే కదండీ" అన్నారు గానీ, ఏసురాజు గారు "విశ్వాసం కడుపు నింపదు కదండయ్యగారూ" అనేసరికి టీ గ్లాసు నోటికి ఎత్తుకున్నారు. తీర్మానం అయిపోయింది. వచ్చే ఆదివారం కోత పండగ నుంచి సంఘసభ్యులకి టోకెన్లు. రేపట్నించే బోరు కుళాయికి తాళం, పొద్దున్న ఎనిమిది దాకా సభ్యులకి మాత్రమే.

ఎనిమిదికల్లా ఒరిస్సా వాళ్ళు పనుల్లో ఉండాలి. అది ఆ గదిలో అందరికీ తెలుసు.

"మరి తాళం ఎవరు కాత్తారు?" అని ఎవరో అన్నారు. ఏసురాజు గారు వంటింటి వైపు చూసి "ఇంకెవరు, మన శాంతికుమారమ్మే. ఇంటికాడ ఖాళీయే కదా" అన్నాడు. మా ఆయన "దానికేటి పని, మిషనెక్కి కూచోడమేగా" అని నవ్వాడు. పదకొండు మందీ నవ్వారు, నా ఉప్మా నోట్లో పెట్టుకుని. గూట్లో ఉన్న తాళం, తాళంచెవీ తీసి నా చేతిలో పెట్టి మా ఆయన పాఠం చెప్పినట్టు చెప్పాడు. "విందు దగ్గర కూడా నువ్వే చూసుకోవాల. టోకెన్ ఉన్న మనిషికి ఒక ప్లేటు. టోకెన్ లేకుండా ఒక్క ముక్క కదలకూడదు. మనోళ్ళంతా తిన్నాక మిగిల్తే అప్పుడు వాళ్ళకి."

"ఎవరైనా సరేనా?" అన్నాను.

"ఎవరైనా సరే."

మర్నాడు ఐదింటికి తాళంచెవి పట్టుకుని బోరు దగ్గర నిలబడ్డాను. సబిత వచ్చింది. లైను గదుల్లో మొదటి గది ఆ పిల్లది. చంకలో నాలుగు నెలల పాప, ఇంకో చేత్తో రెండు బిందెలు. విందుకి ముందు మాకు ఉల్లిపాయలు కోసేది, తర్వాత మాతో పాటు అంట్లు తోమేది, అలా తెలుగు నేర్చుకున్నది ఈ సబితే. "ఎనిమిదికి రా" అన్నాను, దాని మొహం చూడకుండా. ఆ మాట నా నోట్లోంచి వచ్చింది గానీ గొంతు మాత్రం మా అత్తదే. సబిత పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడితే నాకు కోపం తెచ్చుకోడానికి వీలుండేది. అది కాసేపు తాళాన్ని చూసింది. పాపని ఇటు నుంచి అటు మార్చుకుని, "అక్కా, ఆదివారం ఉల్లిపాయలు కొయ్యటానికి ఎన్ని గంటలకి రమ్మంటావు?" అని అడిగింది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఖాళీ బిందెలతో అది వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచి తాళం తీసి నీళ్ళు పట్టించాను. ఆ రోజూ, తర్వాత రెండు రోజులూ లైను గదుల వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు, దొంగతనంగా, ఒక్కొక్క బిందె, నేను సందు వైపు చూస్తూ కాపలా కాస్తుంటే. దానికి నన్ను నేను మెచ్చుకోలేదు. దేవుడిచ్చిన నీళ్ళు నేను భయపడుతూ పొయ్యడం ఏమిటి? మూడు రోజులూ మిషను తొక్కుతూ ఇదే ఆలోచన. ఎవరు ఎవర్ని తింటున్నారు? కూర మిగలనిది ఎవరి వల్ల? తినేవాళ్ళ తప్పుకి వండేవాళ్ళని కాపలా పెట్టి, తోమేవాళ్ళని దొంగల్ని చేశారు. నా చేత్తోనే చేయించారు.

కోత పండగ రోజు బలిపీఠం ముందు బెల్లం దిమ్మలు, చెరుకు గడలు, గుమ్మడికాయలు పేర్చారు. వెనక వంటగదిలో ఇరవై ఐదు కేజీల కోడి ఉడుకుతోంది. సబితా, ఇంకో ఇద్దరు ఒరిస్సా ఆడవాళ్ళూ ఐదింటికే వచ్చి ఉల్లిపాయలు కోశారు. గట్టు మీద పదకొండు క్యారేజీలు. లక్ష్మీకుమారి అక్క గరిటె నా చేతికిచ్చింది. నేను అన్నం డేగిసా దగ్గరికి జరిగి, ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో చారు, మళ్ళీ అన్నం, మళ్ళీ చారు పోసి మూతలు బిగించాను.

"ఏటే, కూరెయ్యవా?" అంది అక్క.

"క్యారేజీకి టోకెన్ లేదక్కా."

అక్క నోరు తెరిచి నన్ను చూసింది, తలుపు వైపు చూసింది. "సంపేత్తారే నిన్ను" అంది. అని, కొంగు బొడ్లో దోపుకుని రెండో క్యారేజీ మూత తనే తీసింది. "చారు పల్సగా ఉంది, కొంచెం ఎక్కువ పొయ్యి" అంది.

నేను తీర్మానం దాటలేదు. టోకెన్ ఉన్న ప్రతి మనిషికీ ప్లేటు పెట్టించాను. మొదటి బంతి తిన్నారు. రెండో బంతి తిన్నారు. మూడో బంతికి డేగిసాలో గరిటె పెడితే అడుగు తగల్లేదు. ఆడవాళ్ళందరి విస్తర్లలో ముక్కలు పడ్డాయి. ఒరిస్సా వాళ్ళ విస్తర్లలో పడ్డాయి. వాళ్ళ పిల్లలు రెండోసారి అడిగారు, ఇంకా ఉంది. సబిత పక్కన నేనూ కూర్చున్నాను. తొమ్మిదేళ్ళ తర్వాత నేను వండిన కూర నేను తిన్నాను. ఉప్పు కాస్త తక్కువైంది. ఇన్నేళ్ళూ అలాగే వేస్తున్నానేమో, నాకెవరు చెప్పారు?

పెద్దలు ఎవరి క్యారేజీ వాళ్ళు పట్టుకుని ఇళ్ళకి వెళ్ళారు. బరువు బాగానే ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు. మా ఇంటి క్యారేజీ నేనే మోశాను. అయితే బయల్దేరే ముందు దాని అడుగు గిన్నెలో చారు పారబోసి, తుడిచి, అందులో ఇంకోటి పెట్టాను.

సాయంత్రం మా అత్త కంచం ముందు కూర్చుంది. మా ఆయన టీవీలో చర్చ పెట్టుకుని క్యారేజీ విప్పాడు. అన్నం. చారు. అన్నం. అడుగు గిన్నెలో బోరు తాళం, దానికే వేలాడుతూ తాళంచెవి.

"ఇదేటే? కోడి ఎక్కడికెళ్ళిపోయింది?"

"తిన్నారు. అందరూ తిన్నారు, ఇంకా మిగిలింది. ఇది మూడో బంతి భోజనం. నేను తొమ్మిదేళ్ళుగా తింటున్నదే, మీరూ ఓసారి తినండి."

మా అత్త "అదేటే సాంతీ" అని ఏదో అనబోయింది. ఆమె కంచంలో అన్నం పెట్టి చారు వంపాను. ఆమె కూడా ఒకప్పుడు మూడో బంతిలోనే తిన్న మనిషి. చారు వంక చూసి కలుపుకోవడం మొదలుపెట్టింది.

"తాళం దీన్లో ఎందుకు పెట్టేవు?" మా ఆయన గొంతు పెరిగింది. పొద్దున్న ఏడు దాటకుండా ఆయన మంచం దిగడం నేనెప్పుడూ చూళ్ళేదు.

"రేపట్నించి మీరే కాయండి. ఐదింటికి."

ఆయన కంచం తోసి లేచాడు. అప్పుడే ఆయన ఫోను మోగింది. తెర మీద ఏసురాజు గారి పేరు. అది ఆగకముందే ఇంకో సంఘపెద్దది, వెంటనే ఇంకొకరిది. టీవీలో ఎవరో చాలదు, చాలదు అని అరుస్తూనే ఉన్నాడు. నేను రిమోట్ తీసుకుని దాన్ని కట్టేశాను.

"ఎత్తండి" అన్నాను. "వాళ్ళూ మూతలు తీసినట్టున్నారు."