మునగక ముందు తీసిన బొమ్మ

ప్రొద్దుటూరులో ఒక సర్వే కంపెనీలో రుక్సానా పని చేస్తోంది. ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మను కంప్యూటర్ మీద పెట్టుకుని, ఏ గడి శనగ, ఏ గడి పత్తి, ఏ గడి బీడు అని రంగులు వేయాలి. అనుమానం వచ్చిన చోటికి ట్యాబ్ పట్టుకుని పోయి కళ్లతో చూసి రావాలి. రెండేళ్లుగా ఇదే పని.

మార్చి మొదటి వారంలో రాజుపాలెం దగ్గర ఒక నల్లరేగడి చేను అలా అనుమానం తెప్పించింది. శనగ కోసేశాక చుట్టుపక్కల పొలాలన్నీ ఒకే రంగుకు వచ్చాయి. ఈ చేనులో మాత్రం ముదురు మచ్చలున్నాయి. ఐదు రోజులకోసారి కొత్త బొమ్మ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ మచ్చ ఇంకో చోటికి జరిగి ఉంటోంది.

పోయి చూస్తే అక్కడ గొర్రెల మంద ఉంది. కాపరి గట్టు మీద కూర్చుని ఒక గొర్రె గిట్టలో ముల్లు తీస్తున్నాడు. అరవై ఐదేళ్లు దాటిన మనిషి. పేరు చిన్నన్న.

"ఏంది పాపా, చేను కొలుస్తాండావా?" అన్నాడు.

"లేదు తాతా. ఈ మచ్చలేందో చూద్దామని వచ్చినా."

ట్యాబ్ చూపించింది. ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు చిన్నన్న.

"మచ్చలు గాదు. నా మంద పండుకొన్న జాగాలు. ఎరువు కోసం రైతు పిలిస్తే నాలుగు దినాలు ఈడ, నాలుగు దినాలు ఆడ నిలుపుతాం. ఇదో, ఇది ముందర నిలిపింది. ఇది మొన్నటిది."

వరస ఒక్కటి కూడా తప్పలేదు. రుక్సానా బొమ్మల తేదీలతో సరిచూసుకుంది. అనుమానం తీరింది, ఇక బయల్దేరవచ్చు. ట్యాబ్ సంచిలో పెట్టుకుంటుంటే ఆయన అడిగాడు:

"ఇది నీళ్ల కింద గూడా జూస్తాదా పాపా?"

"చూడదు తాతా. నీళ్లుంటే నీళ్లే కనపడతాయి."

చిన్నన్న తలాడించి మళ్లీ గొర్రె గిట్ట పట్టుకున్నాడు. ఆ తలాడించడం చూసి రుక్సానాకు కదలబుద్ధి కాలేదు.

"నీళ్లు రాకముందు తీసినవి ఉంటాయి తాతా. పాత బొమ్మలు యాడికీ పోవు," అంది.

అప్పుడు చెప్పాడాయన. వాళ్లది జమ్మలమడుగు అవతల బోడిగట్టుపల్లె. గండికోట డ్యాంలో నీళ్లు నింపినప్పుడు ఊరు మునిగిపోయింది. ఊరికి మైలు దూరంలో సొంత గొర్రెల దొడ్డి ఉండేది. భార్య లక్ష్మీదేవి 2016లో జ్వరంతో పోతే ఆ దొడ్డి పక్కనే పూడ్చారు. ఏటా ఆమె పోయిన దినాన నీళ్ల ఒడ్డుకు పోయి టెంకాయ కొడతాడు.

"దొడ్డి ఆ పక్క అంటాడు మా తమ్ముడు. ఈ పక్క అంటా నేను. చూస్తే అంతా ఒకటే నీళ్లు. యాడని జూసి మొక్కాల పాపా?"

శనివారం ఆఫీసుకు రమ్మని చెప్పింది రుక్సానా.

ఆయన ఉతికిన పంచె కట్టుకుని, తొమ్మిది గంటలకే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. రుక్సానా తన పక్కనే కుర్చీ వేసింది. ముందుగా, రోజూ వాడే బొమ్మల్లోనే 2017 నాటిది తెరిచింది. నీళ్లు లేవు. గోధుమరంగు నేల, పెన్నేటి ఇసుక, మధ్యలో ఊరు బూడిదరంగు మరకలాగా ఉంది.

"ఇందులో ఒక్కో గడి పది మీటర్ల నేల తాతా. మీ దొడ్డి రెండు గళ్లో, మూడు గళ్లో ఉంటాది. ఈ చుట్టుపక్కలే ఉండాల."

చిన్నన్న ముందుకు వంగి చూశాడు. గళ్లు తప్ప ఏమీ లేవు. "బాగుండాది," అన్నాడు, చుట్టాలింట్లో ఉప్పులేని కూర తిని బాగుందన్నట్టు.

రుక్సానాకు సిగ్గేసింది. ఇంతకంటే దగ్గరగా చూపించే బొమ్మలు ఉన్నాయి, కానీ అవి ఐదు రోజులకోసారి దొరికేవి కావు. పల్లెల మీద ఏ మూడేళ్లకో, నాలుగేళ్లకో ఒకటి తీసి ఉంటారు. పాత తేదీలన్నీ ఒక్కొక్కటే తిప్పింది. ఒకదాంట్లో మబ్బు అడ్డం వచ్చింది. ఒకటి ఊరి సగం దగ్గరే తెగిపోయింది. చివరకు ఒకటి దొరికింది, 2014 ఏప్రిల్‌ది. ఇందులో గడి అర మీటరే.

ఊరు తెర మీద విచ్చుకుంది. మిద్దెలు, కసువు వాములు, బండ్లబాట, ఒక్కో చెట్టూ, చెట్టు పక్కన దాని నీడా.

"అబ్బా," అన్నాడు చిన్నన్న.

దొడ్డి ఏదో రుక్సానాకు అంతుపట్టలేదు. కంపచెట్లు, రాళ్లకుప్పలు అన్నీ గుండ్రంగానే కనపడుతున్నాయి. ఆమె బొమ్మను జరుపుతూ పోతుంటే ఆయన చెయ్యెత్తాడు.

"ఆగు ఆగు. వెనక్కి పో. ఆ సన్నగీతలు జూడు. మా గొర్రెల బాట అది. మనిషి నడిస్తే నేరుగా పోతాడు. గొర్రె నడిస్తే ప్రతి చెట్టుకాడా ఆగి, వంకర్లు తిరిగి పోతాది."

ఆయన వేలు తెరకు తగలకుండా గాలిలోనే ఆ గీతల వెంట నడిచింది. వంక దాటింది. గుట్ట అంచున తిరిగింది. మూడు గీతలు కలిసేచోట ఒక బావి, ఒక వేపచెట్టు, దాని పక్కన కంపతో వేసిన గుండ్రటి దొడ్డి.

"ఈడే," అన్నాడు. "యాపమాను నీడ సాయంత్రం పడే పక్క. దొడ్డి వాకిలి నుంచి పదకొండు అడుగులు. నేనే ఎంచి తవ్వించినా."

రుక్సానా ఆ చోట గుర్తు పెట్టి, దాని అక్షాంశ రేఖాంశాల అంకెలు రాసుకుంది. తల ఎత్తేసరికి ఆయన ఆ గుర్తును చూడటం లేదు. దొడ్డి వాకిలి దగ్గర ఒక నల్లటి చుక్కను చూస్తున్నాడు.

"ఇదేంది?"

ఆమె పెద్దది చేసింది. రెండు గళ్లు, పక్కన సన్నటి నీడ. ఇంకా పెద్దది చేస్తే అదీ చెదిరిపోయింది.

"ఎన్ని గంటలకు తీసినారు దీన్ని?"

"పదిన్నర, పదకొండు మధ్య ఉంటాది తాతా. ఈ ఉపగ్రహాలు ఎప్పుడూ ఆ పొద్దుకే ఈ పక్క వస్తాయి."

"పదిన్నరకు నేను మందతో గుట్ట మీద ఉంటా. దొడ్డికాడ గొర్రెపిల్లలకు ఆకు ఏసేది లక్ష్మీదేవి." ఆయన రుక్సానా వైపు తిరిగాడు. "ఆమేనా పాపా?"

అవునంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ రెండేళ్లుగా తెలియనిదాన్ని తెలియదనే రాస్తూ వచ్చిన పిల్ల.

"మనిషే అని చెప్పలేను తాతా. ఇంత పైనుంచి మనిషి రెండు గళ్లకు మించి రాదు. మొద్దు గావచ్చు, కడవ గావచ్చు."

చిన్నన్న నొచ్చుకోలేదు. చిన్నగా నవ్వాడు.

"నువ్వు చెప్పలేవులే. నీకేం తెలుసు, పాపం. దొడ్డి వాకిట్లో మొద్దు లేదు. కడవలు బావికాడ. అది నేను చెప్తా."

టీ తెస్తానని రుక్సానా లేచింది. టీ అంగడి రోడ్డుకు అవతలే అయినా, ఆమె అరగంట దాకా తిరిగి రాలేదు. వచ్చేసరికి ఆయన అలాగే, చేతులు ఒళ్లో పెట్టుకుని, తెర ముందు కూర్చుని ఉన్నాడు.

లక్ష్మీదేవి పోయిన దినం మేలో వచ్చింది. రుక్సానా సెలవు పెట్టింది. ఇద్దరూ బస్సులో జమ్మలమడుగు పోయి, అక్కడినుంచి ఆటోలో నీళ్ల ఒడ్డు చేరారు. చేపలు పట్టే ఈశ్వర్ తన పుట్టిలో తీసుకుపోతానన్నాడు. గుండ్రటి పుట్టి అడుగు పెట్టగానే ఊగింది. రుక్సానాకు ఈత రాదు. ఒక చేత్తో అంచు గట్టిగా పట్టుకుని, రెండో చేతిలో ఫోను చూస్తూ కూర్చుంది.

"ఇంకొంచెం కుడిపక్కకు అన్నా... చాలు చాలు. తాతా, ఇదే. ఈ ఫోను ఐదు మీటర్లు అటూ ఇటూ తప్పు చూపిస్తాది. దానికి నేనేం చేయలేను."

"మా తమ్ముడు మైలు దూరం తప్పు చెప్పినాడు," అన్నాడు చిన్నన్న. "ఐదు మీటర్లంటే దొడ్డి మన కాళ్లకిందనే ఉన్నట్టు. కాసేపు నిలుపప్పా దీన్ని."

"పుట్టి నిలబడదు పెద్దాయనా, గాలికి పోతాది. తిప్పుతా ఉంటా." ఈశ్వర్ తెడ్డుతో నీళ్లను కోస్తూ పుట్టిని అక్కడికక్కడే తిప్పసాగాడు.

చిన్నన్న టెంకాయ పుట్టి అంచుకు కొట్టి, నీళ్లు ధారగా వదిలాడు. మోచేతి దాకా చెయ్యి ముంచి అలాగే ఉంచాడు.

"లక్ష్మీ, నేనే," అన్నాడు, పక్క గదిలో ఉన్న మనిషితో మాట్లాడినట్టు. "మంద నూట నలభై అయినాది. మనవరాలు మల్లిక కడపలో నర్సు చదువుతాంది. నువ్వు సీసాతో పాలు పట్టి బతికించినావే, చెవి తెగిన గొర్రెపిల్ల, దాని కడుపున పుట్టినవే ఇప్పుడు ముప్పై ఉండాయి. నాకు మోకాళ్లు నొప్పులు, అంతే. తింటాండా. కోడలు బాగనే జూసుకుంటాది." నీళ్లలో చెయ్యి అటూ ఇటూ ఆడించాడు. "ఈ పాప నీ దొడ్డి దొరికించినాది. వాకిట్లో నిల్చుకొని ఉండావు. ఇద్దరమూ జూసినాం."

రుక్సానా ఆ మాట సరిదిద్దలేదు. పుట్టి తిరుగుతూనే ఉంది. గుట్టలు ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్ల ముందు నుంచి పోయాయి.

తిరుగు బస్సులో ఎక్కిన కాసేపటికే చిన్నన్న కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. చేతికర్ర జారిపోతుంటే రుక్సానా పట్టుకుంది. ఇప్పుడు మంద నిలిపిన ఊరి స్టేజీ వచ్చింది. కండక్టర్ వెనక్కి తిరిగి, "ముసలాయన దిగాల గదా, లేపమ్మా," అన్నాడు.

రుక్సానా ఆయన ముఖం వైపు చూసింది.

"ప్రొద్దుటూరు దాకా రానీ అన్నా," అంది. "ఆడినుంచి నేనే ఆటోలో తీసకపోయి దింపుతా."