ఫన్నీ అంటే

అమెరికాలోని ఆష్‌బర్న్ లైబ్రరీలో గురువారం ఉదయాలు ఇంద్రజ చైనా పెద్దవాళ్లకి ఇంగ్లిష్ చెబుతుంది. జీతం లేని పని. భర్త శ్యామ్‌సుందర్‌ది హెచ్‌వన్, తనది డిపెండెంట్ వీసా, కాబట్టి జీతమిచ్చే ఉద్యోగం చేయడానికి వీల్లేదు. హైదరాబాద్‌లో స్కూల్ టీచరుగా పనిచేసిన మనిషి, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ క్లాసు పట్టుకుంది. వచ్చేవాళ్లంతా మనవల్ని చూసుకోవడానికి చైనా నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ.

వాళ్లలో షూఫెన్ అంటే ఇంద్రజకి ప్రత్యేకమైన ఇష్టం. చెంగ్డూలో బట్టల మిల్లులో పనిచేసి రిటైరైన ఆవిడ. కూతురు జింగ్ డేటా సెంటర్‌లో ఇంజినీరు. అల్లుడు లేడు, విడిపోయారు. నాలుగేళ్ల మనవరాలు మియా పగలంతా షూఫెన్ దగ్గరే ఉంటుంది. చైనీస్‌లో అడిగితే మియాకి అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే చెబుతుంది. ఆ జవాబులు అర్థం చేసుకోవాలనే షూఫెన్ క్లాసుకి వచ్చేది. తెలియని మాట వస్తే ఎప్పుడైనా ఫోన్ చేయండని ఇంద్రజ అందరికీ తన నంబరిచ్చింది.

ఆ గురువారం పాఠంలో ‘ఫన్నీ’ వచ్చింది. ఇంద్రజ ఒక కార్టూన్ చూపించి, నవ్వు తెప్పించేదాన్ని ఫన్నీ అంటారని చెప్పింది. షూఫెన్ వెంటనే తమ భాషలో ‘హావ్‌షియావ్’ అంది. అందరూ తలలూపారు. వెనక వరసలో కూర్చున్న గావ్ అనే తాతయ్య మాత్రం ఒప్పుకోలేదు. తన కోడలు పాలడబ్బా వాసన చూసి ఫన్నీ అందనీ, కానీ ఆమె నవ్వలేదనీ, పాలన్నీ సింక్‌లో పారబోసిందనీ చెప్పాడు. క్లాసంతా పకపకా నవ్వింది. అప్పటికే టైమ్ అయిపోయింది. అది వేరే అర్థం, వచ్చే వారం చెబుతానని ఇంద్రజ బోర్డు తుడిచేసింది.

మర్నాడు మధ్యాహ్నం షూఫెన్ నుంచి ఫోన్ వచ్చింది. నవ్వుతూ మాట్లాడుతోంది.

“టీచర్, మియా సే, పోపో, మౌత్ ఫన్నీ. టంగ్ ఫన్నీ. వై మౌత్ ఫన్నీ?”

పోపో అంటే వాళ్ల దగ్గర అమ్మమ్మ. నోరెందుకు నవ్వు తెప్పిస్తుందని ఆవిడ సందేహం. పిల్ల నాలుక బయటపెట్టి చూపిస్తోందనీ, తనూ నాలుక బయటపెట్టి వెక్కిరించాననీ వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పుకుపోతోంది. ఆ మాటల వెనక ఇంద్రజకి ఒక దగ్గు వినిపించింది. బొంగురు దగ్గు. మళ్లీ ఇంకొకటి.

ఏం తిన్నదని అడిగింది. చెంగ్డూ నుంచి చెల్లెలు పంపిన మిఠాయి, వాల్‌నట్స్‌తో చేసింది. ఇవాళే మొదటిసారి పెట్టిందట.

వాల్‌నట్స్ కొందరు పిల్లలకి పడవని ఇంద్రజకి తెలుసు. మియా ముఖం చూడమంది. రెడ్ కలర్ ఉందా అని అడిగింది. షూఫెన్ ఇంకా నవ్వుతూనే ఉంది.

“నో లాఫ్. నాట్ ఫన్నీ లాఫ్. బ్యాడ్. మియా సిక్. లుక్ ఫేస్!” అని అరిచింది ఇంద్రజ.

అవతల నవ్వు ఆగింది. ఆ తర్వాత షూఫెన్ గొంతు చిన్నదైపోయింది. “రెడ్. ఫేస్ రెడ్. లిప్ బిగ్. టీచర్, లిప్ బిగ్.”

పక్కగదిలో శ్యామ్‌సుందర్ మీటింగ్‌లో ఉన్నాడు. ఇంద్రజ తలుపు తోసుకుని లోపలికెళ్లింది. “నైన్ వన్ వన్‌కి నీ ఫోన్‌లోంచి చెయ్యి శ్యామ్. షూఫెన్ గారి మనవరాలికి ఎలర్జీ. ఊపిరాడట్లేదు. ఈ కాల్ నేను కట్ చెయ్యలేను.”

అతను హెడ్‌సెట్ పక్కన పడేసి డయల్ చేశాడు. అడ్రస్ అడిగారు. ఒకసారి వానలో షూఫెన్‌ని కారులో దింపింది కాబట్టి అపార్ట్‌మెంట్స్ ఏవో ఇంద్రజకి తెలుసు. ఏ ఇల్లో తెలియదు. డోర్ నంబర్ చెప్పమని షూఫెన్‌ని అడిగింది. ఆవిడ చైనీస్‌లో ఏదేదో మాట్లాడుతోంది, ఏడుస్తోంది, పిల్లని పేరు పెట్టి పిలుస్తోంది. ఇంద్రజ మళ్లీ అడిగింది. డోర్. నంబర్. బయటికెళ్లి చూడండి. చెప్పులీడుస్తున్న చప్పుడు, తలుపు తెరిచిన చప్పుడు. అంకెలు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఇంద్రజ వాటిని గట్టిగా అరిచి చెబుతుంటే శ్యామ్‌సుందర్ తన ఫోన్‌లో తిరిగి చెప్పాడు.

తలుపు తెరిచే ఉంచమన్నారు, పిల్లని కూర్చోబెట్టి ఉంచమన్నారు. ఆ రెండూ చెప్పేలోగా మియా దగ్గు ఆగిపోయింది. దగ్గు ఆగినందుకు ఇంద్రజకి ఇంకా భయమేసింది. ఫోన్ నేల మీద పడినట్టుంది. దూరంగా షూఫెన్ ఒకే మాట మళ్లీ మళ్లీ అంటోంది. అదేమిటో ఇంద్రజకి తెలియదు. తను కూడా ఇక్కడ ఫోన్‌లోకి అరుస్తూనే ఉంది, వస్తున్నారు, వస్తున్నారు అని. ఏ భాషలో అరిచిందో తర్వాత గుర్తు లేదు. చివరికి బూట్ల చప్పుడు, మగగొంతులు వినిపించాయి. కాల్ కట్ అయింది.

ఇంద్రజ హాస్పిటల్‌కి చేరేసరికి మియాకి గొంతులో ఊపిరి గొట్టం వేసి ఐసీయూకి తీసుకెళ్లారు. అంబులెన్స్‌లో ఒకటి, ఇక్కడొకటి అడ్రినలిన్ ఇంజెక్షన్లు ఇచ్చారట. రాత్రి గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారట. జింగ్ ఆఫీసు బ్యాడ్జి మెడలో ఉండగానే గోడకానుకుని నిలబడి ఉంది. షూఫెన్ ఆ చివర కుర్చీలో కూర్చుంది. కాళ్లకి చెప్పుల్లేవు. కూతురు ఆవిడ వైపు చూడటం లేదు.

మియా తనకి ముందే చెప్పిందని అమ్మ అంటోంది, ఏం చెప్పిందో మీకు తెలుసా అని జింగ్ అడిగింది. ఇంద్రజ జరిగింది జరిగినట్టు చెప్పింది. పాఠం సంగతీ, గావ్ తాతయ్య ప్రశ్నా, తను వచ్చే వారానికి వాయిదా వేసిన అర్థమూ దాచలేదు.

“అంటే నా బిడ్డ నోరు వాచిపోతోందని చెబుతుంటే మా అమ్మ నవ్వుతోందా?” అంది జింగ్.

షూఫెన్ లేచి వచ్చింది.

“టీచర్. ఫన్నీ. హౌ మెనీ మీనింగ్?”

ఇంద్రజ చెప్పింది. నవ్వు తెప్పించేది ఒకటి. వింతగా, అనుమానంగా ఉండేది ఇంకొకటి. పాలు ఫన్నీ అంటే విరిగాయని. ఇంజిన్ ఫన్నీగా మోగుతోందంటే బాగుచేయించాలని. ఒంట్లో ఫన్నీగా ఉందంటే ఏదో తేడాగా ఉంది, బాగోలేదని. పిల్లలకి ఆ బాధకి పేరు తెలియక ఆ మాట అంటారని. ఆవిడకి సగం కూడా అర్థం కాలేదు, తిరిగి కూతురి ముఖంలోకి చూసింది. జింగ్ కుర్చీ చూపించి తల్లిని కూర్చోమంది. ఆ తర్వాత తల్లి పక్కన కూర్చుని, ఆవిడ ముఖం చూడకుండా, తమ భాషలో ఒక్కో అర్థం చెప్పడం మొదలుపెట్టింది. చివరిది చెప్పగానే షూఫెన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆవిడ గొంతులోంచి వచ్చిన చప్పుడుకి అవతల నర్సు తలెత్తి చూసింది.

మియా బతికింది. ఆదివారం గొట్టం తీశారు, బుధవారం ఇంటికి పంపారు.

షూఫెన్ మళ్లీ క్లాసుకి రాలేదు. నెలాఖరుకి ఇంద్రజ వాళ్లింటికి వెళ్లింది. జింగ్ మియాని డేకేర్‌లో చేర్చింది. తల్లిని నమ్మక కాదనీ, అమ్మే పిల్లతో ఒంటరిగా ఉండనంటోందనీ చెప్పింది. మియా ఏ ఇంగ్లిష్ మాట అన్నా ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసేదట, ఆఖరికి ‘మోర్ జ్యూస్’ అన్నా కూడా. షూఫెన్ చైనాకి తిరుగు టికెట్ ముందుకి జరిపించుకుంది.

హాల్లో మియా టీవీ చూస్తూ గట్టిగా నవ్వింది. షూఫెన్ ఉలిక్కిపడి లేచింది. పిల్ల దగ్గరికి వెళ్లలేదు. ముందు వంటింటి వైపు తిరిగి, అక్కడున్న కూతురి ముఖంలోకి చూసింది. జింగ్ తలూపింది, అది ఉత్త నవ్వేనని. అప్పుడు కూడా షూఫెన్ కూర్చోలేదు. టీవీ పక్కన నిలబడి, పిల్ల పెదవుల్నే చూస్తూ ఉండిపోయింది. ఇంద్రజ తెచ్చిన పళ్లు బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి వచ్చేసింది.