తిరగని చక్రం

గేర్ ఆయిల్ వాసన ఎంత తోమినా వదిలి చావదు, గోళ్ల సందుల్లోనే కాపురం పెట్టింది, మా ఆవిడ ఆర్లిస్‌కి ఈ వాసన పడదు, డయాలసిస్ మొదలైన దగ్గర్నుంచి కాఫీ వాసనే పడటం లేదు పాపం, అయినా నా పక్క సీట్లో మోకాళ్ల మీదికి దుప్పటి లాక్కుని, చేతితొడుగుతో అద్దం మీది ఆవిరి తుడుస్తూ కూర్చుంది, నా చెవి మాత్రం వెనక ఇరుసు మీదే ఉంది, మలుపు తిరిగినప్పుడల్లా, వెనక చక్రాలు రెంటికీ మధ్య నేను బిగించిన కొత్త డిఫరెన్షియల్ టకటకమంటోంది, అంటే సరిగ్గా కూర్చుందన్నమాట, విన్నావా ఆర్లిస్ అన్నాను, విన్నాన్లే ముసలోడా, చంటిపిల్ల తొలిసారి నాన్నా అని పిలిచినట్టు మురిసిపోతున్నావు అంది, నవ్వింది కూడా, నవ్వితే ఆయాసం వచ్చేస్తుంది తనకి.

కిందటి చలికాలం ఈ కొండ మీదే కదా ఇరుక్కుపోయాం, ట్రక్కు వెనక ఇసుక బస్తాలు వేసినా ఒక చక్రం పిచ్చెక్కినట్టు తిరగడం, రెండోది చలనం లేకుండా చోద్యం చూడటం, డయాలసిస్‌కి టౌన్‌కి చేరలేకపోయాం, ఆ రాత్రి తన పాదాలు బూరెల్లా పొంగి, ఊపిరి అందక మంచం మీద లేచి కూర్చుంది, అందుకే ఈ శీతాకాలం ట్రక్కు కింద వెల్లకిలా పడి, రెండు చక్రాలూ కలిసి తిరిగేలా ఈ కొత్తదాన్ని బిగించాను, పొరుగు డెల్బర్ట్ షెడ్డు గుమ్మంలో నిలబడి ఏంటి ఒర్రిన్, ఆ ట్రక్కునే పెళ్లి చేసుకున్నావా అని ఒకటే వేళాకోళం, ఎదురు కొండయితే ఎక్కుతుందిలే గానీ పక్కకి వాలిన మంచు మీద రెండూ ఒక్కసారే జారితే ట్రక్కు తోక లోయలోకి పోతుంది, తిరక్కుండా ఉందని తిట్టుకుంటున్నావే, ఆ చక్రమేరా నిన్ను రోడ్డు మీద నిలబెట్టింది అన్నాడు, నీ బోడి సలహా నీ దగ్గరే ఉంచుకో అన్నాను, ఆర్లిస్ నా పాత కోటు తొడుక్కుని టార్చిలైటు పట్టుకునేది, ఒర్రిన్, నీతో ఒక మాట చెప్పాలి అనేది, ముందు ఆ చిన్న స్పానరు ఇటివ్వు అనేవాణ్ని, ఇచ్చేది.

ఇవాళ ట్రక్కు ఎక్కింది, ఆ నిటారు మెట్టని అవలీలగా ఎక్కింది, చూశావా చూశావా అని అరుస్తున్నాను, పైన మలుపు దగ్గర రోడ్డు లోయవైపు వాలి ఉంటుందని తెలిసీ, గాలికి నున్నబడ్డ మంచు అద్దంలా మెరుస్తున్నా ఆనందంలో యాక్సిలరేటర్ ఇంకొంచెం నొక్కాను, రెండు చక్రాలూ ఒక్కసారే తిరిగాయి, దేన్నీ పట్టుకోలేదు, తోక మెల్లగా, అయ్యో, ఎంత మెల్లగా పక్కకి జారిపోయిందో, గట్టు కింది కాలవలో మంచులోకి ఒరిగి ఆగాం, దెబ్బ తగిలిందా అంటే లేదంది, ఉండు, డెల్బర్ట్‌కి ఫోన్ చేస్తా, ట్రాక్టరుతో లాగేస్తాడు, ఆలస్యమైనా టౌన్‌కి చేరతాం అంటున్నాను, తను నా చేయి పట్టుకుంది, ఫోన్ చెయ్యి, కానీ ఇంటికి లాగమను, టౌన్‌కి వద్దు, ఇవాళొక్కటే కాదు ఒర్రిన్, ఇంకెప్పుడూ వద్దు, డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పింది, నాకు భయం లేదు, శీతాకాలమంతా చెప్పాలని చూశాను, నువ్వు స్పానరడిగావు.

మరి ఇన్నాళ్లూ ఎందుకొచ్చావే అన్నాను, నువ్వు దాన్ని బిగించేదాకా ఆగుదామనుకున్నాను, సగంలో ఆపమంటే ఏమైపోతావోనని, అంది, అంత మామూలుగా అంది, భోజనాల దగ్గర ఉప్పు డబ్బా చేతికిచ్చినట్టు, నేను ఇంజను ఆపేశాను, గాలి తలుపుల సందుల్లోంచి వచ్చేస్తోంది, దుప్పటి తన భుజాలదాకా కప్పాను, ఫోన్ చేతిలోనే ఉంది, చేస్తాను, ఇంటికనే చెబుతాను, నేనే తనని కొండెక్కించి లాక్కొస్తున్నాననుకున్నాను, ఊపిరాడకపోయినా, కాఫీ వాసన పడకపోయినా, ఈ సీట్లో కదలకుండా కూర్చుని నన్ను రోడ్డు మీద పట్టి ఉంచింది తను, ఇక ఆ పట్టు ఉండదు.